ఇంటిపన్నులో గ్రంథాలయపు వాటా

ఇంటిపన్ను రసీదును మనలో ఎందరు సాంతముగా చదువుదురో చెప్పజాలము. కట్టవలసిన మొత్తమును చూచుకొని, కట్టివేసి, ఆ కాగితమును మడిచి కరెంటు బిల్లుల కట్టలో దోపుట మన ఇండ్లలో వాడుక. ఈ మారు దానిని ఒకసారి విప్పి చూడవలసినదని మా శ్రోతలను కోరుచున్నాము. అసలు పన్ను క్రింద వరుసగా వచ్చు చిన్న పద్దులలో ‘లైబ్రరీ సెస్సు’ అను పద్దు ఒకటి ఉండును. రూపాయకు ఎనిమిది పైసలు. వేయి రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థు దానిపై ఎనుబది రూపాయలు గ్రంథాలయమునకై కట్టుచున్నాడన్నమాట. దినమును విడువక పోయి మూడు పత్రికలు తిరుగవేయువాడును, గ్రంథాలయపు గడప ఏనాడును త్రొక్కనివాడును సమానముగనే కట్టుచున్నారు.

ఇంతకును పన్నుకు, సెస్సుకు గల భేదమేమి? పన్ను ఖజానాలో కలిసిపోవును. ఏటిలో కలిసిన వాననీటిలో ఏ చుక్క ఏ చూరునుండి జారినదో ఎవరును అడుగరు, అడిగినను చెప్పువారుండరు. సెస్సు అట్టిది కాదు. అది ఒక పనికని పేరుపెట్టి ఎత్తినది. వసూలు చేయు పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని దానికి యజమాని కాదు, మోసికొనిపోవు మనిషి మాత్రమే. పెండ్లికి తాము వెళ్ళలేక, వెళ్ళుచున్న బంధువు చేతికి చదివింపుల సొమ్ము ఇచ్చి పంపెడివారు మన పెద్దలు. ఆ బంధువునకు త్రోవలో ఎంత అవసరము వచ్చినను ఆ సొమ్ము అతనిది కాదు కదా! మన గ్రంథాలయముల ఆర్థిక చరిత్రలో చాల భాగము ఆ త్రోవలో జరిగిన కథయే.

పుస్తకములు చదువుటకు పన్ను వేయుట అను ఆలోచన ఇంగ్లండులో చట్టమైనది. 1850లో విలియం ఎవర్టు అను సభ్యుడు పార్లమెంటులో పట్టుబట్టి తెచ్చిన శాసనము ప్రకారము పదివేలకు మించిన జనాభా గల పట్టణములు పౌనుకు అరపెన్నీ చొప్పున పన్ను వేసి గ్రంథాలయము నెలకొల్పుకొనవచ్చును. అందులో ఒక వింత కలదు. ఆ అరపెన్నీతో భవనము కట్టవచ్చును, ఉద్యోగిని పెట్టవచ్చును. పుస్తకములు మాత్రము కొనరాదు! పుస్తకములను దాతలు ఇచ్చెదరులెమ్మని పెద్దల ఉద్దేశము. ఐదేండ్లకు గాని, అనగా 1855లో గాని, పన్నును పెన్నీకి పెంచి, పుస్తకములు కొనుటకు అనుమతి ఈయలేదు. ఆ పెన్నీ హద్దు 1919 వరకు కదలలేదు. గ్రంథాలయమునకు గోడలుండిన చాలునను భావన అంత పాతది.

మన దేశములో ఈ విషయమును చట్టపు భాషలో తెచ్చిన వారు ఆచార్య రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయములో పనిచేయుచు, 1930లో కాశీలో జరిగిన విద్యా మహాసభ ముందు ఆయన ఒక నమూనా చట్టమును ఉంచిరి. పదునెనిమిదేండ్లు గడచిన పిమ్మట, 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము వచ్చినది. దానిలో సెస్సు ఇంటిపన్ను రూపాయకు ఆరు దమ్మిడీలు, అనగా అర్ధణా. ఆనాడు మన సర్కారు జిల్లాలును, రాయలసీమయు మద్రాసు రాష్ట్రములోనివే గనుక ఆ అర్ధణా మన తాతలును కట్టినదే. హైదరాబాదు రాష్ట్రమునకు 1955లో వేరుగా చట్టము వచ్చినది. రెండు ప్రాంతములు కలిసిన తరువాత, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము రెంటిని ఏకము చేసినది. 2014లో రాష్ట్రము విడిపోయినను, ఈ ఏర్పాటు రెండు వైపులను నిలిచియే ఉన్నది: జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని క్రింద శాఖా గ్రంథాలయములు, దాని పోషణకు సెస్సు.

ఐతే మన సీమలో చట్టము ముందు, గ్రంథాలయము తరువాత అని ఎవరైన తలచినచో అది పొరపాటు. ఇక్కడ జనము ముందు నడచిరి, చట్టము వెనుక వచ్చినది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము 1901లో వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము. వేటపాలెములోని సారస్వత నికేతనము 1918 నాటిది. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదగంజాముల నడుమ కాలువలో పుస్తకములను పడవమీద నడిపించిరి. పడవ రేవున ఆగగా, వరినాట్లు వేసి వచ్చినవారు పుస్తకము పుచ్చుకొని, మరల పడవ వచ్చునప్పుడు ఇచ్చెడివారు. వీరెవ్వరికిని సెస్సు లేదు, గ్రాంటు లేదు. చందాలు, ధాన్యపు కొలతలు, ఇంటింటి నుండి అడిగి తెచ్చిన పాత పత్రికలు, ఇవియే పెట్టుబడి.

అట్లయిన సెస్సు ఎందులకు అని అడుగవచ్చును. ఉత్సాహము మీద నడచు గ్రంథాలయము ఆ ఉత్సాహవంతుని ఆయుర్దాయము మీద నడచును. అతడు పోయిన యేడాదికి బీరువాకు తాళము పడును, రెండవ యేడాదికి చెదలు పట్టును. ఇట్టి బీరువాలు మన గ్రామములలో ఎన్ని లేవు! దాత మంచితనము మీద గాక చట్టము మీద ఆధారపడవలెనని రంగనాథన్‌గారి వాదము. ఆ వాదములో బలము కలదనియే మేము తలచుచున్నాము. మహారాష్ట్రలో 1967 నాటి చట్టము సెస్సు పెట్టలేదు. అక్కడ ప్రభుత్వ గ్రాంటు మీదనే ఆధారము. పశ్చిమ వంగములోను సెస్సు లేదు. ఆ విషయములో మన చట్టము మెరుగైనది. కాగితము మీద మెరుగైనది.

ఇక ఆ సొమ్ము ఏ త్రోవను పోవునో చూతము. ఒక గ్రామ పంచాయతీకి ఏటికి ఇంటిపన్ను రెండు లక్షల రూపాయలు వచ్చుననుకొందము. దానిపై సెస్సు పదహారు వేలు. పంచాయతీ కార్యదర్శి దీనిని వసూలు చేసి, వేరుగా లెక్క వ్రాసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టవలెను. అందులో సగము పత్రికల చందాకు పోయినదనుకొన్నను, మిగిలిన ఎనిమిది వేలకు, ఒకటి రెండువందల చొప్పున, నలువది పుస్తకములు వచ్చును. ఒక పట్టణములో ఇంటిపన్ను కోటి రూపాయలైనచో సెస్సు ఎనిమిది లక్షలు. ఇవి మేము లెక్క తెలియుటకు చెప్పిన అంకెలే గాని ఏ ఊరివియు కావు. మీ ఊరి అంకెలు వేసికొని మీరే గుణించుకొనవచ్చును. పెద్ద సొమ్ము కాదు. కాని ఏటేట తప్పక వచ్చు చిన్న సొమ్ము, ఎప్పుడో ఒకమారు వచ్చు పెద్ద సొమ్ముకన్న గ్రంథాలయమునకు మేలు.

తప్పక రావలెను గదా, అదియే చిక్కు. వసూలైన సెస్సు పంచాయతీ ఖాతాలోనో, మునిసిపాలిటీ ఖాతాలోనో ఆగిపోవును. స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు కోట్లలో బాకీపడిన సంగతి రెండు రాష్ట్రములలోను ఏటేట పత్రికలలో చదువుచునే ఉన్నాము. హైదరాబాదు మహానగరము కూడ దీనికి మినహాయింపు కాదు. ఇందులో దొంగతనమున్నదని మేము అనుట లేదు. మునిసిపల్ కమిషనరు కుర్చీలో కూర్చుండి చూచినచో విషయము వేరుగా కనబడును. నెలాఖరునకు పారిశుధ్య కార్మికుల జీతములు ఈయవలెను. నీటి పంపుల కరెంటు బిల్లు కట్టకున్న ఊరికి నీరు రాదు. పైనుండి రావలసిన నిధులు రాలేదు. ఖాతాలో ఉన్నదేదియో ఉన్నది; అందులో ఎనిమిది పైసల వాటా ఎవరిదని విచారించుటకు అప్పుడు తీరికెక్కడిది? ‘వచ్చే నెలలో పంపుదము’ అనుకొనును. ఆ వచ్చే నెల వచ్చునప్పటికి మరొక కమిషనరు వచ్చును.

కోత గ్రంథాలయము మీదనే ఎందులకు పడవలెనను ప్రశ్నకు సమాధానము ఇక్కడనే ఉన్నది. కాలువ పూడినచో వీధి మరునాడే గోలపెట్టును. దీపము వెలుగకున్న ఆ రాత్రియే ఫోను వచ్చును. గ్రంథాలయము ఒక యేడాది క్రొత్త పుస్తకము కొనకున్నచో ఏమియు జరుగదు. నిన్నటి బీరువాలు నిన్నటివలెనే నిలిచియుండును, తలుపులు తెరచుచునే ఉండును, రాక మానని పెద్దమనుషులు వచ్చుచునే ఉందురు. రెండవ యేట ఒక వారపత్రిక మానివేసెదరు; దానిని చదువువాడు రెండు దినములు అడిగి ఊరకుండును. ఐదారేండ్లకు గాని, ‘అక్కడ క్రొత్తవేమున్నవి, పోవుట దండుగ’ అను మాట పుట్టదు. అప్పుడు రాకపోకల పుస్తకములో సంతకములు తగ్గును. తగ్గిన సంతకములను చూపించి, ‘జనము రానప్పుడు ఖర్చు ఎందులకు?’ అని మరల కోత పెట్టుటకు వీలగును. పైరునకు నీరు ఆపి, ఎండిన పైరును చూపి, ఈ నేల పనికిరాదనుట వంటిది ఇది.

అటుపిమ్మట సొమ్ము వచ్చినను పూడ్చుకొనలేని నష్టమొకటి కలదు. గుంత పడిన రోడ్డును మరుసటి యేడు వేయవచ్చును. తెలుగు పుస్తకమునకు అట్టి వీలు లేదు. మన భాషలో కథల సంపుటి గాని, చరిత్ర గ్రంథము గాని, చాలవరకు వేయి ప్రతులు, కొన్ని ఐదువందలే అచ్చగును. అచ్చయిన యేడాది రెండేండ్లలో కొననిది తరువాత వెదకినను దొరకదు. పత్రికల సంపుటములు మరి సుకుమారములు. ఒక మాసపత్రికను ముప్పదియేండ్లుగా బైండు చేయించి ఉంచిన గ్రంథాలయములో రెండేండ్లు తెప్పింపకున్నచో, ఆ ఖాళీని ఏ ధనము పెట్టియు నింపలేము. నూరేండ్ల నాటి పత్రికను వెదకుచు పరిశోధకులు నేడు వేటపాలెము పోవుచున్నారన్నచో, ఆనాడు ఎవరో ఏ సంచికను విడువక దాచినందువలననే. రాబోవు నూరేండ్లకు వారు ఎక్కడికి పోవుదురో తేల్చునది నేటి చందా చీటీ. గ్రంథాలయముల కొనుగోలును నమ్ముకొని పుస్తకము అచ్చువేయు ప్రచురణకర్త సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ కొనుగోలు ఆగిన యేట అచ్చుకాక నిలిచిపోయిన వ్రాతప్రతులను లెక్కించినవారు లేరు.

ఇప్పుడు ప్రభుత్వపు పాత్రకు వత్తము. సెస్సుతో పాటు ప్రభుత్వపు గ్రాంటు కూడ గ్రంథాలయములకు ఆధారము. బడ్జెట్‌లో లోటు వచ్చినప్పుడు ఏ ప్రభుత్వమునకైన కష్టమే. రాష్ట్రము విడిపోయిన పిమ్మట ఆంధ్రప్రదేశ్ లోటుతోనే లెక్క మొదలుపెట్టవలసి వచ్చినది. 2020లో మహమ్మారి వచ్చి అందరి రాబడిని దెబ్బతీసినది. ఈ సంవత్సరము గ్రంథాలయమునకు ఇంత తగ్గించితిమి అని నిండు సభలో చెప్పిన ప్రభుత్వముతో వాదింపవచ్చును, తిట్టవచ్చును, ఉన్నదానితో సర్దుకొనను వచ్చును. చిక్కెల్ల, తగ్గించితిమనియు చెప్పక, ఈయకయు ఉండుటలో ఉన్నది. గోడమీది పిల్లి వాటమన్నమాట.

ఇది ఎట్లు జరుగునో వివరింతుము. శాసనసభ బడ్జెట్‌ను ఆమోదించినంత మాత్రమున సొమ్ము కదలదు. ఆమోదము ఖర్చు పెట్టుటకు అనుమతి మాత్రమే. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఈయవలెను; దాని మీద బిల్లు పెట్టవలెను; ట్రెజరీ దానిని చెల్లింపవలెను. లోటు గల యేట ఈ మూడు మెట్లలో ఎక్కడనైన ఆగవచ్చును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత మన పెద్దలు ట్రెజరీని చూడకయే చెప్పిరి! మార్చి 31 దాటినచో ఖర్చు కాని కేటాయింపు మురిగిపోవును. మురిగిపోయిన సొమ్మును చూపి, ‘ఇచ్చినది ఖర్చు పెట్టలేకపోయిరి, మరల ఇంత ఏల?’ అని మరుసటి బడ్జెట్‌లో తగ్గించుటయు కలదు. ఉద్యోగుల సంగతియు ఇట్టిదే. గ్రంథాలయాధికారి పదవీ విరమణ చేసినచో ఆ ఖాళీని రద్దు చేయరు, భర్తీయు చేయరు. ప్రక్క ఊరి అధికారి రెంటికిని ఇన్‌ఛార్జి అగును. మూడు దినములు ఇక్కడ, మూడు దినములు అక్కడ. జిల్లా సంస్థలకు అధ్యక్షులను నియమించునది ప్రభుత్వమే గనుక, ప్రభుత్వము మారినచో వారును మారుదురు. క్రొత్తవారు వచ్చులోపల అధికారి ఎవరో సంతకములు మాత్రము చేయుచుండును. పుస్తకముల ఎంపిక సంతకముతో అగు పని కాదు.

ఈ అనిశ్చయము మన దేశమునకే ప్రత్యేకమని అనుకొనరాదు. న్యూయార్కు నగరమునకు 1901లో ఆండ్రూ కార్నెగీ శాఖా గ్రంథాలయములు కట్టుటకు 52 లక్షల డాలర్లు ఇచ్చెను. స్థలము ఈయవలెను, ఏటేట పోషణ నగరమే చూచుకొనవలెను అని షరతు. కోటీశ్వరుడు గనుక నగరపాలకుల స్వభావము ఎరిగియుండెను కాబోలు. అట్టి నగరములోనే కొన్ని దశాబ్దములుగా ఒక వేడుక నడచుచున్నది: మేయరు వసంతకాలమున గ్రంథాలయములకు కోత ప్రకటించుట, జనము అలజడి చేయుట, జూన్ చివర నగరసభ బేరమాడి కోతను రద్దు చేయుట. 2023 నవంబరులో మాత్రము కోత నిజముగనే పడినది. ఆదివారము గ్రంథాలయములు మూసిరి. పనివారికి, బడిపిల్లలకు తీరిక గలది ఆ దినమే గదా! 2024 జూన్ చివర 5 కోట్ల 83 లక్షల డాలర్లను మరల ఇచ్చి, ఆదివారపు తలుపులు తెరిపించిరి. ఏడెనిమిది నెలల ఆ ఊగిసలాటలో గ్రంథాలయాధికారులు పుస్తకములను గూర్చి ఎంత ఆలోచించిరో, విజ్ఞాపనలను గూర్చి ఎంత ఆలోచించిరో మనము ఊహింపవచ్చును.

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైరు కథ ఇంకను బోధకరము. అక్కడ 1964 చట్టము ప్రకారము ప్రజలకు సమగ్రమైన, సమర్థమైన గ్రంథాలయ సౌకర్యము కల్పించుట స్థానిక ప్రభుత్వపు విధి. 2018 ఫిబ్రవరిలో ఆ జిల్లా కౌన్సిలు ఖజానా వట్టిపోయి, క్రొత్త ఖర్చులన్నియు ఆపవలసినదని దాని ఆర్థికాధికారియే నోటీసు ఇచ్చెను. ఆ నెలలోనే 36 గ్రంథాలయములలో 21ని వదలించుకొనుటకు కౌన్సిలు నిశ్చయించినది. ప్రజలు న్యాయస్థానమునకు పోయిరి. ఆగస్టులో హైకోర్టు ఆ నిర్ణయము చెల్లదన్నది. సొమ్ము లేదనుట ఒకటి, విధి లేదనుట ఒకటి. మొదటిది నిజమైనను రెండవదానిని సరిగా విచారింపక నిర్ణయింపరాదని ఆ తీర్పు సారాంశము. తుదకు ఆ కౌన్సిలే 2021లో రద్దయినది. గ్రంథాలయములు చాలవరకు మిగిలినవి, కొన్ని ఊరివారి నిర్వహణలోనికి పోయినవి.

మన వైపు గ్రంథాలయములకు జనము రారనువారు హైదరాబాదులో చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయము ముందు ఒక ఉదయము నిలిచి చూడవలెను. ఉద్యోగపు పరీక్షలకు చదువు యువతీ యువకులు జిల్లాల నుండి వచ్చి, చోటు చాలక మెట్లమీదను, చెట్లక్రిందను కూర్చుండి చదువుకొనుచుందురు. చాలమంది తమ పుస్తకములను తామే తెచ్చుకొందురు; వారికి కావలసినది ఒక కుర్చీ, ఒక దీపము, ఒక నిశ్శబ్దము. ఇరుకు అద్దెగదిలో నలుగురితో కలిసి ఉండువానికి ఈ మూడును ఇంకెక్కడ దొరకును? జిల్లా కేంద్రములలోను ఇట్టి దృశ్యములు కలవు. సెస్సు లెక్కలో ఎనిమిది పైసలుగా కనబడునది వారికి సంవత్సరము పాటు కూర్చుండి చదువుకొను చోటు.

ఒక ఆక్షేపణను దాటవేయరాదు. ‘మా ఊళ్ళో శాఖా గ్రంథాలయమే లేదు, మేమెందులకు కట్టవలెను?’ అని గ్రామస్థుడు అడుగును. న్యాయమైన ప్రశ్న. సెస్సు జిల్లా మొత్తమునకు ఒక్క నిధిగా పోవును గాని, ఏ ఊరిది ఆ ఊరికి రాదు. సంపన్నమైన పట్టణపు సెస్సు పేద మండలమునకు ఉపయోగపడుటకే ఈ ఏర్పాటు. కాని పట్టణము తన వాటాను జమ కట్టనప్పుడు ఈ ధర్మము తలక్రిందులగును: నిజాయితీగా పదహారు వేలు పంపిన పల్లె, ఎనిమిది లక్షలు ఆపుకొన్న పట్టణపు గ్రంథాలయమును పోషించినట్లగును. బాకీల సంగతిలో మాకు అన్నిటికంటె కష్టముగా తోచునది ఇదియే.

గృహస్థు దీనిలో చేయదగినది కొంత కలదు. గ్రామసభలో గాని, వార్డు సభ్యుని ద్వారా గాని, ‘ఇంటిపన్ను ఎంత వసూలైనది?’ అని అడుగుట అందరికిని అలవాటే. దానికి మరి రెండు ప్రశ్నలు చేర్చవలెను: దాని మీద లైబ్రరీ సెస్సు ఎంత వచ్చినది? అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత, ఏ తేదీన జమ అయినది? నోటితో అడిగిన సమాధానము రాకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద వ్రాతమూలకముగా అడుగవచ్చును. ముప్పది దినములలో జవాబు ఈయవలెను. ఇదే ప్రశ్నను జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికిని వేరుగా వ్రాసినచో, పంపితిమన్న అంకెయు, అందినదన్న అంకెయు ప్రక్క ప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును. రెండును ఒక్కటిగా ఉన్న ఊళ్ళు లేకపోలేదు. నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. అప్పుడు మీ శాఖా గ్రంథాలయములో వేదికమీద అధికారులును, ప్రజాప్రతినిధులును ఒకేచోట కూర్చుండియుందురు. ఆ రసీదును వెంట తీసికొనిపోవుటకు అదియొక అనువైన దినము.